గోడల్లో తిరిగిన నీళ్ళు

మలేసియాలో పుట్టి ఇక్కడే ముసలిదాన్నయిన నేను ఇల్లు వెచ్చగా ఉంచే యంత్రం గురించి మాట్లాడతానంటే మా ఇంట్లో పిల్లలు నవ్వుతారు. నవ్వనీండి. మా ఊరు ఇపోలో మిట్టమధ్యాహ్నం గచ్చు మీద కాలు పెడితే పెనం మీద పెట్టినట్టే. ఈ ఊళ్ళో ఇల్లు వేడి చేసుకుంటానన్నవాణ్ణి ఎవరైనా నుదురు పట్టుకుని చూస్తారు. అయినా బాయిలర్ ఇంట్లో ఎక్కడుండాలి, పోయే గొట్టం ఏది, తిరిగొచ్చే గొట్టం ఏది, రేడియేటర్‌లో గాలి చేరితే ఎలా తెలుస్తుంది, అటక మీద తొట్టి దేనికి, ఇవన్నీ నాకు తెలుసు. పుస్తకం చదివి తెలుసుకోలేదు. అరచెయ్యి పెట్టి తెలుసుకున్నాను. తెలియక ఒక తప్పు చేశాను, తెలిసి నోరు మూసుకున్నాను. అందుకని ఏదీ మరిచిపోలేదు.

మా అయ్య హుటాన్ మెలింటాంగ్ దగ్గర ఒక రబ్బరు తోటలో పద్నాలుగేళ్ళు పొగగదిలో పనిచేశాడు. రబ్బరు పాలు గడ్డకట్టించి, రేకుల్లా ఒత్తి, కర్రల మీద ఆరేసి, కిందనుంచి పొగ పెట్టే గది అది. అక్కడ మంట కనబడకూడదు. మంట లేచిందంటే రేకులకు బొబ్బలొస్తాయి, దొర నోటికి పనొస్తుంది. పచ్చికర్ర పెట్టి, బూడిద కప్పి, రోజుల తరబడి ఒక్క పొగనే సాకడం మా అయ్యకు వచ్చిన విద్య. ఆ విద్య ఆయన ఊపిరితిత్తుల్ని సగం తినేసింది. దగ్గు మొదలైతే కూలీల లైను ఇళ్ళలో చివరి గది దాకా వినిపించేది.

కమ్యూనిస్టులు అడవుల్లో చేరి తెల్లవాళ్ళ మీద తుపాకులు ఎత్తడంతో ఎమర్జెన్సీ వచ్చాక, ఆ లైను చుట్టూ ముళ్ళకంచె వేశారు. పొద్దున్నే పనికి పోతుంటే గేటు దగ్గర పోలీసులు అన్నం గిన్నె మూత తీయించి చూసేవారు, అడవిలో దాక్కున్నవాళ్ళకు తిండి మోస్తున్నామేమోనని. సాయంత్రం గేటు వేశారంటే ఇక దగ్గొచ్చినా పురుడొచ్చినా లోపలే. అయ్య దగ్గులో రక్తం చార కనబడ్డ వారం, మా అమ్మ పసుపుకొమ్ముకు దారం కట్టి మొక్కుకుంది. మమ్మల్ని ఇక్కణ్ణుంచి బయట పడెయ్యి తల్లీ అని.

తల్లి విన్నదో, కంపెనీ పెద్దదొర మోకాళ్ళు విన్నాయో నాకు తెలియదు. ఆ దొరకు కామెరాన్ కొండల మీద బంగళా ఉంది. వాతం మనిషి. కొండ చలికి మోకాళ్ళు బిగుసుకుపోతున్నాయని, తన దేశంలో మాదిరిగా ఇల్లంతా వేడినీళ్ళ గొట్టాలు వేయించుకున్నాడు. దాని నిప్పు చూసుకునే మనిషి కావలసొచ్చాడు. "నిప్పు తెలిసినవాడు" అని తోట దొర మా అయ్యను పంపించాడు. కొండ కింది తాపా ఊరి నుంచి పైకి బండ్లు ఒంటరిగా వెళ్ళకూడదు ఆ రోజుల్లో. వారానికి కొన్ని రోజులు మాత్రమే, ముందొక పోలీసు బండి, వెనకొక పోలీసు బండి, మధ్యలో లారీలు వరసగా ఎక్కాలి. ఆ వరసలో, బంగాళదుంప విత్తనాల బస్తాల మీద కూర్చుని, మేం ముగ్గురం కొండెక్కాం. నాకు పదహారు నిండాయి.

మొదటి నెల అయ్య చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. పద్నాలుగేళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది? బాయిలర్‌లో పచ్చికర్ర పెట్టాడు, బూడిద కప్పాడు, గాలి పోయే తలుపు మూశాడు, పొగను ముద్దుగా సాకాడు. పొగగొట్టం లోపల తారులాంటి మసి అంగుళం మందాన పేరుకుంది. గదుల్లో రేడియేటర్లు చచ్చిన పాము అంత వెచ్చగా ఉన్నాయి. దొరసాని కోటు వేసుకుని భోజనానికి కూర్చుంది. దొర అయ్యను పిలిచి, నువ్వు నా ఇంటిని రబ్బరు రేకు అనుకుంటున్నావా అని మలాయ్‌లో అడిగాడట. అయ్య తల దించుకుని, అవును తువాన్, అంటే అవును దొరా, అన్నాడట. నిజమే చెప్పాడు పాపం.

అప్పుడు ఆ గొట్టాలు బిగించిన తెల్ల ఇంజనీరును మళ్ళీ పిలిపించారు. ఆయన రెండు రోజులుండి అన్నీ చూపించి వెళ్ళాడు. అయ్యకు చదువు రాదు, ఇంగ్లీషు మాట నోరు తిరగదు. అందుకని ఆయన వెళ్ళగానే ఒక్కొక్కదానికీ తనకు తెలిసిన పేరు పెట్టుకున్నాడు. మరిచిపోకుండా రోజూ పొద్దున నన్ను వెంటబెట్టుకుని గొట్టం మీద చెయ్యి ఆనించి ఇల్లంతా నడిచేవాడు.

"ఇది కుంపటి" అనేవాడు, బంగళా వెనక కింది గదిలో ఉన్న బాయిలర్‌ను చూపించి. "నీల్లు ఇక్కడ ఏడెక్కుతాయి. ఏడినీల్లు తేలిక గదా, పైకి ఎల్తాయి. ఇదిగో, పోయే గొట్టం. చెయ్యి ఎట్టు. కాలిందా? ఇల్లంతా తిరిగి ఏడి ఇడిసిపెట్టేసి, సల్లబడి, బరువెక్కి కిందకొస్తాయి. ఇది వచ్చే గొట్టం. మళ్ళా కుంపట్లోకి. తోసేవోడు లేడు, లాగేవోడు లేడు. నీల్లు వాటికవే నడిసిపోతాయి."

రేడియేటర్లకు ఆయన పెట్టిన పేరు పక్కటెముకలు. "ఎముక పైన సల్లగా, కింద ఏడిగా ఉందనుకో, లోపల గాలి సేరిందని లెక్క. ఈ సిన్న తాళంచెవి తిప్పాల. బుస్సుమని గాలి పోతాది. నీటిబొట్టు కనబడగానే మూసీ." ఆ తాళంచెవి మొలతాడుకు కట్టుకుని తిరిగేవాడు. దొరసానికి గది చల్లగా ఉంటే గంట కొట్టి ఆయన్ని పిలిచేది, ఆయన వైద్యుడిలా వెళ్ళి ఎముక తట్టి చూసి, గాలి తీసి వచ్చేవాడు. ఆ నడక చూసి అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది.

అటక మీద ఒక రేకు తొట్టి ఉండేది. అది ఎందుకో నాకు చాలా రోజులు అర్థం కాలేదు. "ఏడెక్కితే నీల్లు ఉబ్బుతాయే గుంటా" అన్నాడు అయ్య. "అన్నం కుండ మూత లేస్తాది సూడు, అలాగ. ఉబ్బితే ఎల్లడానికి సోటుండాల. లేపోతే ఇనుము పగిలిపోతాది. లోపల నీల్లు తగ్గితే మళ్ళా ఈ తొట్టే నింపుతాది." తొట్టిలో ఒక రాగి బంతి తేలుతూ ఉండేది. నీళ్ళు దిగితే బంతి దిగుతుంది, కుళాయి తెరుచుకుంటుంది, నిండితే మూసుకుంటుంది. ఆ బంతి నాకు ఇష్టం. కాపలా మనిషి కంటే నమ్మకంగా పనిచేస్తుంది అనుకునేదాన్ని.

అన్ని గొట్టాల కంటే కిందుగా, వంటగది పక్క సామాను గదిలో, ఒక ఇత్తడి కుళాయి ఉండేది. ఎప్పుడైనా బాయిలర్ బాగుచేయాలంటే లోపలి నీళ్ళన్నీ దించేయడానికి. "దీంతో మనకి పని లేదు" అని అయ్య దాని ముందు ఆగకుండా వెళ్ళిపోయేవాడు. పాఠంలో అదొక్కటే దాటేశాడు.

ఆ సామాను గది పక్కనే వంటాయన ఉండేవాడు. హైనాన్ చైనీయుడు, యాభై దాటినవాడు. పెద్ద వయసు చైనా మగవాళ్ళను అందరూ పిలిచినట్టే మేమూ అపెక్ అనేవాళ్ళం. దొరలకు ఉడకబెట్టిన కూరలు, పుడ్డింగులు వండేవాడు, తను మాత్రం మిరపకాయ లేకుండా ముద్ద ఎత్తేవాడు కాదు. అమ్మ చేపలపులుసు పంపితే గిన్నె కడిగి, అందులో రొట్టెముక్కో రెండు గుడ్లో పెట్టి తిరిగిచ్చేవాడు. ఖాళీ గిన్నె ఇవ్వడం ఆయనకూ మాకూ ఒకటే తప్పు. మూడు భాషల్లో సగం సగం మాట్లాడుకుంటూ అమ్మా ఆయనా ఎలా అర్థం చేసుకునేవాళ్ళో దేవుడికే తెలియాలి. ఆయన పెళ్ళాం, కొడుకు కింద ఇపో దగ్గర ఒక కొత్త ఊళ్ళో ఉండేవారు. కొత్త ఊరంటే, అడవివాళ్ళకు సాయం చేస్తారన్న అనుమానంతో ప్రభుత్వం చైనీయుల్ని ఎక్కడెక్కడి నుంచో తీసుకొచ్చి కంచె లోపల పెట్టిన ఊరు.

కొండ మీద ఆరునెలల్లో అయ్య దగ్గు తగ్గింది. పూర్తిగా కాదు, కానీ మెట్లెక్కి మాట్లాడగలిగేవాడు. అమ్మ ఆ కొండను కళ్ళకద్దుకునేది. మళ్ళీ ఆ పొగగదికి, ఆ కంచె లోపలికి పంపితే ఈయన ఏడాది బతకడు అని నాతో రెండుమూడుసార్లు అంది. మా ఇంట్లో భయం అంటే అదొక్కటే.

దీపావళికి నాలుగు రోజుల ముందు రాగి బంతి పాడైంది. కుళాయి మూసుకోక, తొట్టి పొర్లి, దొరసాని మంచం మీద చుక్కలు పడ్డాయి. అయ్య తొట్టికి నీళ్ళొచ్చే కుళాయిని చేత్తో గట్టిగా కట్టేశాడు. అదే సమయానికి ఆయన్ని ఇపో రమ్మని కబురొచ్చింది. బాయిలర్ నడిపేవాళ్ళకు ప్రభుత్వం పరీక్ష పెట్టి కాగితం ఇస్తుంది, ఆ కాగితం లేనివాణ్ణి ఉంచకూడదట. వెళ్ళి పరీక్ష ఇచ్చి, బంతికి కావలసిన సామాను కొనుక్కుని, పండగ మర్నాటి లారీల వరసలో వస్తానన్నాడు. నిప్పు నాకు అప్పగించాడు.

"రెండు రోజులకి నీల్లేటీ తగ్గిపోవు" అన్నాడు. "తగ్గితే కుంపటి డప్పు కొట్టినట్టు మోగుతాది. అప్పుడు అటకెక్కి ఆ కుళాయి ఇప్పు. అంతేలే."

దీపావళినాడు తెల్లవారుజామున అమ్మ నాకు నువ్వులనూనె రాసి కూర్చోబెట్టింది. తలంటుకు వేడినీళ్ళు కావాలి. వారం రోజులుగా వాన. మా కట్టెలు నీళ్ళు కారుతున్నాయి, బాయిలర్ కట్టెలు దొర లెక్కపెట్టించినవి, మా పొయ్యిలో పెట్టకూడదు. ఎంత ఊదినా పొగే తప్ప మంట లేదు. కొండనీళ్ళు తల మీద పోసుకుంటే పండగ అక్కడే ముగుస్తుంది.

అమ్మ లేచి నడుము మీద చెయ్యి పెట్టుకుని బంగళా వైపు చూసింది. "ఏటే, ఆ గోడల్నిండా ఏడినీల్లు ఊరికే తిరుగుతున్నాయి గదా" అంది. "దొరలు తాగరు, తానం సెయ్యరు. ఏటికంట అంత నీల్లు? పండగపూట తలంటు లేకండా ఉంటామా?"

తప్పు నాదే అని ఇప్పుడు చెప్పగలను. ఎందుకంటే అమ్మకు గొట్టాలు తెలియవు, నాకు తెలుసు. కానీ నేనూ ఆడపిల్లనే. వేడినీళ్ళు కళ్ళెదుట ఉంటే స్నానానికి కాక మరెందుకు అన్నది మా రక్తంలో ఉంది. పైగా ఆ బంతి ఉంది కదా, నింపుతుందిలే అనుకున్నాను. బంతికి నీళ్ళొచ్చే దారి అయ్య కట్టేశాడన్న సంగతి నూనె తలతో ఉన్న నాకు గుర్తే రాలేదు.

సామాను గదికి తాళం. అపెక్ తలుపు తట్టాను. ఆయన అప్పటికే లేచి దొరల రొట్టెకు పిండి కలుపుతున్నాడు. నా నూనె మొహం, బకెట్లు చూసి నవ్వి తలుపు తీశాడు. ఇత్తడి కుళాయి బిగుసుకుపోయి ఉంటే గుడ్డ చుట్టి ఆయనే తిప్పాడు. మొదటి బకెట్టు నల్లగా వచ్చింది, ఇనుము వాసన. తర్వాత ఎర్రగా, టీ రంగులో వచ్చింది. బరువుగా ఉన్నాయని రెండేసి బకెట్లు ఆయనే మా ఇంటి దాకా మోశాడు. అమ్మ ఆ రంగు చూసి ఒక్క క్షణం ఆగి, "ఇనప నీల్లు ఒంటికి మంచిదే" అని తేల్చేసింది. మొత్తం తొమ్మిది బకెట్లు. మేమిద్దరం తలంట్లు పోసుకున్నాం. పండగపూట ఉత్త చేతులతో పంపకూడదని అపెక్‌కు కూడా ఒక బకెట్టు ఇచ్చింది అమ్మ. ఆయన బట్టతల మీద పోసుకుని పిల్లాడిలా అరిచాడు.

పొద్దెక్కింది. నేను కొత్త పావడా కట్టుకుని బాయిలర్‌లో కట్టెలు నిండుగా వేశాను. పండగ కదా, దొరలకూ వెచ్చగా ఉండాలి. అరగంట తర్వాత మొదలైంది.

ముందు ఒక్క దెబ్బ. గోడలోపల ఎవరో సుత్తితో కొట్టినట్టు. తర్వాత రెండు. తర్వాత వరసగా, ఇల్లంతా, పైగదుల్లోనూ కిందగదుల్లోనూ. ఆ రోజుల్లో ఆ చప్పుడు వింటే ఎవరికైనా ఒకటే అర్థం, అడవివాళ్ళ తుపాకులని. దొరసాని కేక వేసింది. గేటు దగ్గర కాపలా ఉన్న పోలీసులు నేల మీద పడుకుని టీతోట వైపు కాల్చడం మొదలుపెట్టారు. అక్కడ తేయాకు మొక్కలు తప్ప ఎవరూ లేరు. వాళ్ళు కాల్చేకొద్దీ బాయిలర్ జవాబు చెబుతూనే ఉంది.

నాకు మాత్రం అది తుపాకీ కాదని తెలుసు. నీళ్ళు తగ్గితే డప్పు మోగుతుందన్నాడు అయ్య. అటకెక్కాను. తొట్టి అడుగంటా ఎండిపోయి ఉంది, బంతి పక్కకు పడి ఉంది. అయ్య కట్టిన కుళాయి విప్పేశాను. కొండ చన్నీళ్ళు బుడబుడమని దిగాయి. గొట్టాలు దాటుకుని కిందికి, ఎర్రగా కాలుతున్న ఇనుములోకి వెళ్ళాయి. ఒక్క పెళపెళ శబ్దం. ఆ తర్వాత ఇల్లంతా నిశ్శబ్దం, కింది గదిలోంచి ఆవిరి.

బాయిలర్ పగిలింది. అడుగు పొడవున నెర్రె విచ్చింది.

కొండ మీది చిన్న పట్నం పోలీస్ స్టేషన్ నుంచి సార్జెంటు వచ్చాడు. తెల్లవాడు, కుర్రవాడు, అడవిలో తన మనుషుల్ని పోగొట్టుకున్నవాడని తర్వాత విన్నాను. అతని లెక్క చాలా సూటిగా ఉంది. ఇనుములోంచి నీళ్ళు వాటంతటవి పోవు. ఎవరో కావాలని వదిలారు. వదిలే కుళాయి సామాను గదిలో ఉంది. దాని తాళం చైనా వంటవాడి దగ్గర ఉంది. అతని వాళ్ళు కొత్త ఊళ్ళో ఉన్నారు. దొరను ఇంట్లోనే పేల్చేయాలని అడవివాళ్ళు చెప్పి చేయించారు. అయిపోయింది లెక్క.

అపెక్‌ను చేతులు కట్టి తీసుకెళ్తుంటే నేను మా గుమ్మంలో నిలబడి ఉన్నాను. నా జుట్టు ఇంకా తడిగానే ఉంది. ఆయన నన్ను చూశాడు. నావైపు వేలెత్తలేదు. నేను నోరు తెరిచాను. అమ్మ వెనకనుంచి నా భుజం పట్టుకుని లోపలికి లాగింది.

"గమ్మునుండు" అంది. "మీ అయ్యని రానీ."

మర్నాడు అయ్య వచ్చాడు. పరీక్ష పాసయ్యాడు. కాగితం జేబులో పెట్టుకుని, బంతి సామాను చేత్తో పట్టుకుని, లారీ దిగి నవ్వుతూ వచ్చాడు. సంగతి విని బాయిలర్ దగ్గరికి పరిగెత్తాడు. నెర్రె తడిమాడు. సామాను గదిలో ఇత్తడి కుళాయి చూశాడు. గచ్చు మీద అక్కణ్ణుంచి మా గుమ్మం దాకా తుప్పు చుక్కలు ఎండి ఉన్నాయి. ఇంట్లోకి వచ్చి అమ్మ కొత్త చీర చూశాడు, తెల్లంచు మీద ఎర్ర మరకలు. నా దగ్గరకొచ్చి తల వాసన చూశాడు.

అంతే, నేల మీద కూలబడ్డాడు. జేబులో కాగితం తీసి గచ్చు మీద పెట్టి అన్నాడు: "పరీక్షలో అదే అడిగినారు. కుంపటి మోగితే ఏటి సేస్తావని. నీల్లు ఇప్పుతాను అన్నాను. కాదు, ముందు నిప్పు లాగీయాల, సల్లారినాకనే నీల్లు అని పరీక్ష ఎట్టిన దొర సెప్పినాడు. నిన్ననే తెలిసింది నాకు. నీకు తప్పు సెప్పి ఎల్లినాను."

ఇక చేయవలసింది ఒక్కటే. దొర దగ్గరికి వెళ్ళి నీళ్ళు మేమే తీశామని చెప్పాలి. చెబితే కాగితం పోతుంది, పని పోతుంది, మళ్ళీ ఆ కంచె, ఆ పొగ, ఆ దగ్గు. చెప్పకపోతే అపెక్ పోతాడు. ఇంత సులువైన లెక్కకు మాకు జవాబు రాలేదు. ఆయన తప్పేం లేదని పోలీసులే తెలుసుకుని వదిలేస్తారు అన్నాడు అయ్య. అవును, వదిలేస్తారు అంది అమ్మ. నేనూ తలూపాను. ముగ్గురం తేలు కుట్టిన దొంగల్లా కూర్చున్నాం. ఆ రోజు, ఆ మర్నాడు కూడా. పోలీస్ స్టేషన్ మా ఇంటికి మైలున్నర. దిగుడు దారి.

నాలుగో రోజు పొద్దున, వంటమనిషి లేక దొరసాని అమ్మను వంటగదిలోకి పిలిపించింది, టీ కాచమని. అమ్మ చక్కెర కోసం అలమార తెరిచింది. అందులో ఒక పళ్ళెం, పైన గుడ్డ కప్పి ఉంది. తీస్తే గుడ్డు కేకులు, పన్నెండు. పైన ఎర్ర రంగుతో చుక్కలు పెట్టి ఉన్నాయి. వాళ్ళ పండగలకు పెట్టుకునే ఎర్ర చుక్క. మా దీపావళికని పొద్దున్నే చేసి పెట్టాడు, ఇచ్చేలోగా పట్టుకుపోయారు. బూజు పట్టి ఉన్నాయి.

అమ్మ టీ కాచలేదు. పొయ్యి మీద నీళ్ళు మరుగుతుంటే వదిలేసి ఇంటికొచ్చింది. "లెగు" అంది అయ్యతో. "సచ్చినా ఆ పొగలోనే సస్తాం. లెగు."

దొర మోకాళ్ళ మీద దుప్పటి కప్పుకుని వరండాలో కూర్చుని ఉన్నాడు. అయ్య చెప్పాడు. దొర నమ్మలేదు. అడవివాళ్ళు నిన్ను బెదిరించి చెప్పిస్తున్నారు కదా అన్నాడు. ఆ కాలం అలాంటిది, నిజం చెప్పినా ఎవరో చెప్పించినట్టే ఉండేది. అయ్య ఆయన్ని నడిపించి చూపించాడు: ఇదిగో పోయే గొట్టం, ఇదిగో వచ్చే గొట్టం, ఇదిగో కింది కుళాయి, పైన నేనే కట్టేసిన కుళాయి. అమ్మ మరకల చీర తెచ్చి ఆయన కాళ్ళ దగ్గర పరిచింది. దొర ఆ చీరను చూశాడు, నా జుట్టును చూశాడు. నా రేడియేటర్ నీళ్ళతో స్నానం చేశారా అని అడిగాడు. అవును తువాన్ అన్నాడు అయ్య. దొర నవ్వాడు. కుర్చీ చేతులు పట్టుకుని, కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు. ఆ నవ్వును నేను ఇప్పటికీ క్షమించలేదు.

మమ్మల్ని పంపేయలేదు. మూడు రోజులు మేం దేనికి భయపడ్డామో అది అసలు జరగనే లేదు. కొత్త బాయిలర్ వచ్చేదాకా నిప్పుగూళ్ళు చూసుకో అన్నాడు దొర, అంతే. వెంటనే పోలీసులకు ఫోన్ చేశాడు, అది మాత్రం ఒప్పుకోవాలి. అవతల సార్జెంటు చెప్పాడట: ఆ మనిషి ఇక్కడ లేడు, ఈ పొద్దున లారీల వరసలో కింది నిర్బంధ శిబిరానికి పంపేశాం. నిర్బంధం కాగితాలు పైవాళ్ళకు వెళ్ళిపోయాయి.

మనిషిని కొండ దింపడానికి ఒక పూట చాలింది. కాగితాన్ని వెనక్కి తెప్పించడానికి పదకొండు నెలలు పట్టింది. దొర మూడు ఉత్తరాలు రాశాడు. చివరికి వదిలారు కానీ, కొండ మీదికి రావడానికి అనుమతి ఇవ్వలేదు. పెళ్ళాం ఉన్న కొత్త ఊళ్ళోనే ఉండాలన్నారు. ఆ సంగతి మాకు దొర ద్వారానే తెలిసింది. అమ్మ ఒక చీటీ రాయించి పంపుదామంది. ఏమని రాయాలో ముగ్గురికీ తోచలేదు, పంపలేదు.

మెర్దేకా, అంటే ఈ దేశానికి స్వాతంత్ర్యం, ఇంకా రెండేళ్ళుందనగా దొర తన దేశం వెళ్ళిపోయాడు. బంగళా కొన్నాయనకు చలి లెక్కలేదు. పక్కటెముకలన్నీ ఊడబీకి పాత ఇనుము కింద అమ్మేశాడు. అయ్య తన కాగితం పుణ్యమా అని ఇపోలో ఒక ఆసుపత్రి బట్టలుతికే చోట బాయిలర్ పనికి కుదిరాడు. పొగ లేని పని. ఇంకో పదహారేళ్ళు బతికాడు. నాకు ఇపోలోనే పెళ్ళయింది.

మెర్దేకా ఏడాదే, ఊరంతా కొత్త జెండాలు కట్టి ఉన్న రోజుల్లో, నెలల పిల్లాణ్ణి చంకన వేసుకుని మార్కెట్టుకు వెళ్ళాను. మూలన ఒక కాఫీ కొట్టు. లోపల బొగ్గుల మీద రొట్టె కాలుస్తున్న మనిషిని చూసి ఆగాను. సన్నబడిపోయాడు. ముందు పళ్ళు రెండు లేవు. ఆయనే ముందు గుర్తుపట్టాడు.

"మీ అయ్య దగ్గు ఎలా ఉంది?" అన్నాడు మలాయ్‌లో.

తగ్గిందని చెప్పాను. పిల్లాడి బుగ్గ తాకి, రొట్టెముక్క చేతిలో పెట్టాడు. నేను అక్కడే నిలబడి ఏడ్చాను. మీరు నన్ను చూశారు కదా, తలుపు మీరే తీశారు కదా, పోలీసులకు నా పేరు ఎందుకు చెప్పలేదు అని అడిగాను.

ఆయన రొట్టె తిప్పుతూ చెప్పాడు. కోపం లేదు గొంతులో. లెక్క చెబుతున్నట్టు ఉంది.

"నేను చెబితే, తప్పించుకోడానికి పిల్ల మీద తోస్తున్నాడు అంటారు. నువ్వు చెబితే నమ్ముతారు. అందుకని ఊరుకున్నాను. మొదటి రోజు, మీ అయ్య లేడు కదా, పాపం భయపడి ఉంటావు అనుకున్నాను. రెండో రోజు లారీలు వచ్చిన చప్పుడు వినిపించింది. మీ అయ్య వచ్చాడు, ఇక వస్తారు అనుకున్నాను. మూడో రోజు తలుపు పక్కనే కూర్చున్నాను."

"నాలుగో రోజు చెప్పాం" అన్నాను. "నాలుగో రోజు, అందరం వెళ్ళి చెప్పాం."

"నాలుగో రోజు నేను లారీలో ఉన్నాను" అన్నాడు.

ఈ దేశంలో కాలు తొక్కినా, కాఫీ ఒలికినా, మాట తప్పినా ఎదుటివాళ్ళు తక్ అపా లా అంటారు. పరవాలేదులే అని. మలాయ్ వాళ్ళూ అంటారు, చైనావాళ్ళూ అంటారు, మేమూ అంటాం. ఆ మాట కోసం నేను ఆ బొగ్గుల పొయ్యి ముందు చాలాసేపు నిలబడ్డాను. ఆయన రొట్టె తీసి, వెన్న రాసి, ఇంకొకరి బల్ల మీద పెట్టడానికి వెళ్ళిపోయాడు.